గీత పడితే ముందు గీతను చదవండి, స్టెప్‌ఓవర్ జోలికి తర్వాత పోదాం

మే నెల, మధ్యాహ్నం రెండున్నర, రేణిగుంట పక్కన గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మా రేకుల షెడ్డు. పీ20 స్టీల్‌లో ఒక మోల్డ్ కోర్ (అచ్చులో లోపలి ముక్క), 150 ఎంఎం చదరం, పైభాగం 100 రేడియస్ డోమ్ మాదిరి ఉబ్బి ఉంటాది, దాన్ని 5 యాక్సిస్ సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్‌లో, అంటే మూడు నేరు కదలికలు, రెండు తిరిగే కదలికలు ఉండేదాంట్లో, ఫినిష్ చేస్తా ఉండాం. తీరా తలుపు తీసి ఎయిర్ కొట్టి చూస్తే డోమ్ నెత్తిన, సరిగ్గా నడిమధ్యలో, విసనకర్ర ఈనెల మాదిరి గీతలు. మిగతా సైడంతా అద్దం లెక్క ఉండాది, నెత్తిన మాత్రం ఈ గలీజు. ఆపరేటర్ తమ్ముడు గోరు పెట్టి గీకి చూసి "అన్నా, స్టెప్‌ఓవర్ తగ్గిద్దామా" అన్నాడు. స్టెప్‌ఓవర్ అంటే టూల్ పోయే ఒక లైన్‌కీ పక్క లైన్‌కీ మధ్య దూరం. నాకూ అప్పుడు అంతకంటే జాస్తి తెలీదు, 0.2 ఎంఎం ఉన్నదాన్ని 0.1 చేసి మళ్ళీ పోస్ట్ చేసినా, అంటే మెషిన్‌కి ప్రోగ్రాం తీసినా. గంటన్నర పని మూడు గంటలైంది, కూలెంట్ కూడా చేతికి వేడిగా తగిలేంత సేపు నడిచింది, గీతలు మాత్రం ఆడనే ఉండాయి. కాకపోతే ఇప్పుడు ఇంకా నైసుగా మెరుస్తా ఉండాయి.

కస్టమర్ దాన్ని పాలిష్‌కి ఇచ్చుకున్నాడు, పాలిష్ చేసినోళ్ళు ఆ నెత్తి దగ్గర రుద్ది రుద్ది గుంట చేసినారు, కోర్ వాపస్ వచ్చింది, వెల్డింగ్ పెట్టి మళ్ళీ చేసిచ్చినాం. ఆ బిల్లు ఎవరు కట్టినారో చెప్పాల్సిన పనిలేదు.

అప్పట్నుంచి నాకు ఒక అలవాటు పడింది, ఫినిష్ బాగలేదంటే ముందు కంప్యూటర్ దగ్గరికి పోను, పార్ట్ దగ్గర కూర్చుంటా. 5 యాక్సిస్‌లో ఒక్కో తప్పుకి ఒక్కో రకం గీత పడతాది, ఏ తప్పు ఏ గీత వేస్తాదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ రాసేదంతా మా దగ్గర ఉండే మెషిన్‌ని బట్టి, అంటే టేబుల్ వైపు ‘ఏ’ (A) అనే యాక్సిస్ వాలేది, ‘సీ’ (C) అనే యాక్సిస్ గుండ్రంగా తిరిగేది, ట్రనియన్ అంటాం కదా అది. హెడ్డు తిరిగే మెషిన్ ఉన్నోళ్ళు పేర్లు మార్చుకొని చదువుకోండి, సంగతి అదే.

గీతను ఎట్ల చూడాలి

షెడ్డు లైట్లు ఆపేసి, పార్ట్‌ని గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చ్‌ని పార్ట్ పక్కన ఆనించి వెలుగు సర్ఫేస్ మీద పడుకొని పోయేట్టు పెట్టండి. పైనుంచి నిలువుగా కొడితే అంతా తెల్లగా మెరుస్తాది తప్ప ఏమీ తెలీదు. ఏర్పేడు పక్కన మాధవమాల ఉంది కదా, కొయ్యబొమ్మలు చెక్కే ఊరు, ఒకసారి ఇంటి ద్వారబంధం పని మాట్లాడదామని పోయినా. ఆడ ఒక పెద్దాయన బొమ్మ చెంపని కిటికీ వెలుగుకి ఏటవాలుగా తిప్పతా, బొటనవేలితో తడమతా, ఉలి యాడ తడబడిందో పక్కన పిల్లోడికి చూపిస్తా ఉన్నాడు. ద్వారబంధం సంగతి మర్చిపోయి అదే చూస్తా నిలబడిపోయినా, మేము చేసేదీ అదే పని, మా ఉలి నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతాది అంతే తేడా.

సరే, టార్చ్ పెట్టినాక ఏం కనిపిస్తాది? టూల్ పోయిన దారి వెంబడి సమానమైన దూరంలో నాగలి చాళ్ళ మాదిరి ఉంటే అది స్టెప్‌ఓవర్ గీత, దాన్నే స్కాలప్ అంటారు. దారికి అడ్డంగా సన్నగా సమానంగా ఉంటే ఫీడ్ గీత (ఫీడ్ అంటే టూల్ ముందుకు పోయే స్పీడ్), చాలాసార్లు రనౌట్, అంటే తిరిగేటప్పుడు టూల్ సెంటర్ తప్పి ఊగేది, దీని వెనక ఉంటాది. చిన్న చిన్న పలకలు అతికించినట్టు, డిస్కో లైట్ బంతి మాదిరి కనిపిస్తే టాలరెన్స్, అంటే ప్రోగ్రాంలో వంపుకి ఎంత తేడా ఒప్పుకున్నామో అది. చేప పొలుసు మాదిరి అలలు, కట్ అయ్యేటప్పుడు మెషిన్ ఏడుస్తా సౌండ్ ఇచ్చింటే చాటర్, అంటే టూల్ అదురుడు. ఒక జోన్‌కీ ఇంకో జోన్‌కీ మధ్య మెట్టు ఉంటే క్యాలిబ్రేషనో వేడో మధ్యలో మార్చిన టూలో. ఎన్ని పీసులు చేసినా అదే చోట, అచ్చం అదే ఆకారంలో మచ్చ పడతా ఉంటే మాత్రం అనుమానం లేకుండా యాక్సిస్ కదలిక, మా డోమ్ నెత్తిన పడింది ఇదే. దాని దగ్గరికి వస్తా, ముందు స్కాలప్ లెక్క చెప్పుకుందాం, ఎందుకంటే అందరూ ముందు దాని మీదే పడతారు.

స్కాలప్ లెక్క నోటికి రావాలి

బాల్‌నోస్‌తో, అంటే కొన బంతి మాదిరి గుండ్రంగా ఉండే టూల్‌తో, పక్కపక్కన పోతే రెండు దారుల మధ్య చిన్న గట్టు మిగులుతాది. దాని ఎత్తు ఎంతంటే, స్టెప్‌ఓవర్‌ని స్టెప్‌ఓవర్‌తోనే గుణించండి, వచ్చినదాన్ని బాల్ రేడియస్‌కి 8 రెట్లతో భాగించండి. 10 ఎంఎం బాల్ అంటే రేడియస్ 5, 8 రెట్లు 40. స్టెప్‌ఓవర్ 0.2 అయితే 0.04 భాగం 40, అంటే 0.001, ఒక మైక్రాన్. 0.3 పెడితే రెండు మైక్రాన్ల పైన రొంత. 0.5 పెడితే ఆరు దాటుతాది. ఈ గట్ల వల్ల వచ్చే ఆర్ఏ, అంటే గరుకు సగటు కొలత, ఈ ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటాది, అంటే డ్రాయింగ్‌లో ఆర్ఏ 0.8 అడిగితే లెక్క ప్రకారం మూడు మైక్రాన్ల గట్టు ఉన్నా సరిపోవాల. నిజంలో సరిపోదు, రనౌట్, వైబ్రేషన్, టూల్ అరుగుదల అన్నీ దాని మీద ఎక్కి కూర్చుంటాయి, అందుకని నేను లెక్కలో వచ్చినదానికి సగమే పెట్టుకుంటా.

ఇప్పుడు చూడండి, 0.2 దగ్గరే గట్టు ఒక మైక్రాన్, దాని ఆర్ఏ 0.25. అట్లాంటప్పుడు పార్ట్ మీద కంటికి కనపడే గీత స్టెప్‌ఓవర్ వల్ల ఎట్ల వస్తాది? 0.1 చేస్తే గట్టు పావు మైక్రాన్‌కి దిగుతాది, టైం మాత్రం డబుల్. 100 చదరం సర్ఫేస్‌లో 0.2తో పోతే 500 లైన్లు, 50 మీటర్ల దారి, ఫీడ్ 2000 అయితే 25 నిమిషాలు, 0.1 చేస్తే 50 నిమిషాలు. లేని జబ్బుకి డబుల్ డోస్ మందన్నమాట. అంతసేపు టూల్ రుద్దితే అరుగుదల కూడా జాస్తి, కడాన వచ్చే ఏరియాకి టూల్ మొద్దుబారి మొదటి ఏరియా కంటే వేరే మెరుపు ఇస్తాది.

ఇంకో మాట, 0.2 స్టెప్‌ఓవర్ పెట్టినా ప్యారలల్ పాస్‌లో అది పైనుంచి చూసిన 0.2నే, గోడ నిలువుగా లేచేకొద్దీ సర్ఫేస్ మీద దూరం పెరుగుతాది. 60 డిగ్రీల వాలు మీద అది 0.4 అయితాది, గట్టు నాలుగు రెట్లు. డోమ్ మధ్యలో నైసుగా ఉండి అంచుల దగ్గర గరుకు వస్తా ఉంటే ఇదే కారణం. దానికి స్కాలప్ పాత్ అని, 3డీ ఆఫ్‌సెట్ అని ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేరు ఉంటాది, సర్ఫేస్ మీద దూరాన్ని సమానంగా ఉంచేది, అది వాడండి, లేదంటే నిటారు చోట్లకి ఒక పాత్, పడుకున్న చోట్లకి ఒక పాత్ వేరు చేయండి.

బాల్ ముక్కు కొయ్యదు, రుద్దతాది

దీన్ని కొత్త పిల్లోళ్ళు నమ్మరు. బాల్‌నోస్ సరిగ్గా కొన దగ్గర స్పీడ్ సున్నా, స్పిండిల్ ఎంత తిరిగినా ఆ చుక్క ఉన్నచోటే గిరగిరా తిరుగుతాది, బొంగరం ములికి మాదిరి. 10 ఎంఎం బాల్ 6000 ఆర్‌పీఎంలో తిరిగితే ఫుల్ డయా దగ్గర కటింగ్ స్పీడ్ నిమిషానికి 188 మీటర్లు. పడుకున్న సర్ఫేస్ మీద 0.2 లోతులో కోస్తే మెటల్‌కి తగిలే డయా 2.8 ఎంఎం మాత్రమే, అంటే బయటి అంచులో కూడా 53 మీటర్లు, లోపలికి పోయేకొద్దీ తగ్గుతా తగ్గుతా కొన దగ్గర సున్నా. ఫైనల్ సర్ఫేస్ తయారయ్యేది కరెక్ట్‌గా ఆ కొన దగ్గరే, మన ఖర్మ. అల్యూమినియం అయితే ఆడ అతుక్కుంటాది, స్టీల్ అయితే మసక మసకగా చింపినట్టు వస్తాది.

టూల్‌ని 15 డిగ్రీలు వాల్చండి, సర్ఫేస్‌ని తాకే చోటు కొన నుంచి పక్కకి జరుగుతాది, ఆడ డయా 2.6 ఎంఎం దగ్గర, స్పీడ్ సున్నా నుంచి 49 మీటర్లకి వస్తాది, కట్ బయటి అంచులో దాదాపు 98. అదే టూల్, అదే ఆర్‌పీఎం, ఒక్క యాంగిల్‌తో. 5 యాక్సిస్ మెషిన్‌కి పెట్టిన డబ్బులో సగం దీనికే అనుకోవచ్చు. నేను 10 నుంచి 15 మధ్య పెడతా, 20 దాటితే హోల్డర్ యాడన్నా తగులుతాదేమో చూసుకోవాల్సి వస్తాది. వాల్చేటప్పుడు టూల్ తల పోయే దిక్కుకి ముందుకు వాలితే ముందు అంచు కోస్తాది, వెనక మడమ లేచి ఉంటాది, బుల్‌నోస్ (అడుగు చదునుగా, మూల గుండ్రంగా ఉండే టూల్) వాడేటప్పుడు ఇది తప్పనిసరి, లేకపోతే వెనక అంచు కోసిన చోటే మళ్ళీ గీరతాది.

కానీ ఈడ ఒక గుంట ఉంది, నేనూ పడినా. జిగ్‌జాగ్ పాత్ పెట్టి, పోయే దిక్కుని బట్టి వాలమని చెప్తే, లైన్ తిరిగినప్పుడల్లా వాలు కూడా తిరుగుతాది. టేబుల్ ప్రతి లైన్ చివరా అటూ ఇటూ ఊగుతాది, మెషిన్ చూడ్డానికి తిరునాళ్ళలో ఉయ్యాల మాదిరి ఉంటాది, ప్రతి లైన్ చివర ఒక మచ్చ. అందుకని జిగ్‌జాగ్ అయితే వాలుని పార్ట్‌ని బట్టి ఒకే పక్కకి ఫిక్స్ చేయండి, దిక్కుని బట్టి వద్దు. కనిపించే ఫైనల్ సర్ఫేస్ అయితే అసలు జిగ్‌జాగే వద్దు అంటా నేను. ఒక లైన్ క్లైంబ్ (పన్ను మందంగా మొదలుపెట్టి సన్నగా ముగించేది), పక్క లైన్ కన్వెన్షనల్ (దానికి తిరగేసి), టూల్ ఒకసారి ఆ పక్కకీ ఒకసారి ఈ పక్కకీ వంగుతాది, చారల చీర మాదిరి వస్తాది. వన్‌వే పెట్టి అన్నీ క్లైంబ్‌లో పోనీండి, గాల్లో వెనక్కి వచ్చే టైం పోతే పోయింది.

ఇక మా డోమ్ సంగతి

అప్పుడు నేను పెట్టింది ఏందంటే, టూల్ ఎప్పుడూ సర్ఫేస్‌కి నిటారుగా, రెండు డిగ్రీలు మాత్రం ముందుకు వాలు. సిమ్యులేషన్‌లో బలే నైసుగా కనిపించింది. డోమ్ పక్కల్లో ఏ యాక్సిస్ 30, 40 డిగ్రీలు వాలి ఉంటాది, సీ మెల్లగా తిరుగుతా ఉంటాది, ఏమీ ఇబ్బంది లేదు. నెత్తి దగ్గరికి వచ్చేసరికి ఏ యాక్సిస్ దాదాపు సున్నా. టూల్, సీ యాక్సిస్ రెండూ ఒకే గీతలోకి వచ్చినట్టు. అప్పుడు సీ ఎంత కోణంలో ఉండాలో కంట్రోల్‌కి తేలదు, నెత్తికి ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటాలంటే అర చుట్టు తిరిగి పోవాలి. దీన్నే సింగులారిటీ అంటారు.

లెక్క వేసుకుంటే కళ్ళు తిరుగుతాయి. 1200 ఫీడ్‌లో ఒక మిల్లీమీటర్ దాటడానికి సెకనులో 20వ వంతు. ఆ టైంలో సీ అర చుట్టు తిరగాలంటే నిమిషానికి 600 చుట్ల స్పీడ్ కావాలి, ఇరవై ముప్పై కిలోల వైస్, పార్ట్ ఎత్తుకున్న టేబుల్ యాడ తిరుగుతాది? తిరగదు. అందుకని కంట్రోల్ ఏం చేస్తాదంటే టూల్ కొనని నిలబెట్టేసి టేబుల్ తిరిగేదాకా ఆగుతాది. ఆగినంత సేపూ టూల్ ఆడనే రుద్దతా ఉంటాది. ఒక్కో లైన్‌లో ఒక్కో చోట అట్ల ఆగి ఆగి పోతే ఏం వస్తాది, విసనకర్ర ఈనెలే వస్తాది. నేను లైన్లు డబుల్ చేసినా కదా, ఆగే చోట్లు కూడా డబుల్ చేసినట్టు.

కింద వెడ్జ్ పెట్టి పార్ట్‌నే వాలిస్తే పోతాది కదా అని చాలామంది చెప్తారు. పోదు, పక్కకి జరుగుతాది అంతే. డోమ్ మీద ఏదో ఒక చోట సర్ఫేస్ సీ యాక్సిస్‌కి నిటారుగా వచ్చి తీరుతాది, టూల్ నిటారుగానే పోవాలని మనం పట్టుపట్టినంత కాలం ఆ చోటు యాడో ఒకాడ ఉంటాది.

చివరికి చేసిందేమంటే, నెత్తి మీద 10 డిగ్రీల వాలు లోపల ఉండే ఏరియా, 100 రేడియస్‌కి అది సుమారు 35 ఎంఎం గుండ్రం వస్తాది, దాన్ని వేరే బౌండరీగా కోసి, ఏ యాక్సిస్‌ని 20 దగ్గర పెట్టి, సీని లాక్ చేసి, మామూలు 3 యాక్సిస్ పాత్ మాదిరి వన్‌వేలో కొట్టినా. 3 ప్లస్ 2 అంటాం కదా అదే. 10 డిగ్రీల సర్ఫేస్‌కి 20 డిగ్రీల టూల్ కాబట్టి ఆ ఏరియాలో యాడా బాల్ కొన తగలదు, తక్కువలో తక్కువ 10 డిగ్రీల తేడా ఉంటాది. ఇది చూసుకోవాలి, 20 పెట్టి ఏరియా కూడా 20 దాకా పెంచితే కొన మళ్ళీ ఆడ తగులుతాది, నెత్తి మీద మచ్చని భుజం మీదికి తెచ్చుకున్నట్టు. మిగతా డోమ్ అంతా 5 యాక్సిస్ సైమల్టేనియస్ (ఐదూ ఒకేసారి కదిలేది), కాకపోతే వాలు బయటి పక్కకి, ఏ యాక్సిస్ 10 కంటే కిందికి రాకుండా సాఫ్ట్‌వేర్‌లో లిమిట్ పెట్టినా. రెండు ఏరియాలు కలిసే చోట 2 ఎంఎం ఓవర్‌ల్యాప్.

5 యాక్సిస్ ఉంది కదా అని అన్నీ ఒకేసారి తిప్పొద్దు

ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనోళ్ళు ఉంటారు. రోటరీ యాక్సిస్ ఎంత మంచిదైనా అది తిరుగుతా ఉన్నప్పుడు లీనియర్ యాక్సిస్ అంత నునుపుగా పోదు. 0.001 డిగ్రీ తేడా 200 ఎంఎం దూరంలో మూడున్నర మైక్రాన్లు. దిక్కు మార్చేటప్పుడు బ్యాక్‌లాష్ (లోపలి లూజు) వల్ల 0.005 ఊగిందనుకోండి, 17 మైక్రాన్లు, ఇందాక మనం ఒక మైక్రాన్ గట్టు కోసం గంటన్నర ఖర్చు పెట్టినాం. అందుకని 3 ప్లస్ 2లో అయిపోయేది అట్లనే చేసి క్లాంప్ వేసేయండి, పార్ట్‌ని సాధ్యమైనంత రోటరీ సెంటర్‌కి దగ్గరగా కట్టండి. ఇంపెల్లర్ బ్లేడ్లు, మెలి తిరిగిన పోర్టులు మాదిరి వేరే దారి లేనివాటికే సైమల్టేనియస్. అందులో కూడా టూల్ యాక్సిస్ స్మూతింగ్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, యాంగిల్ మెల్లగా మారితే యాక్సిస్ దిక్కు మార్చుకునే సార్లు తగ్గుతాయి.

పలకలు పడితే పాయింట్లు చూడండి

క్యామ్ సాఫ్ట్‌వేర్, అంటే టూల్ దారి తయారు చేసేది, వంపుని చిన్న చిన్న తిన్నని గీతలుగా కోసి మెషిన్‌కి పంపిస్తాది. టాలరెన్స్ 0.01 అంటే 50 రేడియస్ వంపు మీద ఒక్కో గీత సుమారు 2 ఎంఎం పొడుగు. 2 ఎంఎం పలక టార్చ్ వెలుగులో బాగా కనిపిస్తాది, 10 మైక్రాన్లే కదా అని అనుకోవడానికి లేదు. 0.002 పెడితే 0.9కి దిగుతాది. ఫినిష్‌కి నేను 0.002 నుంచి 0.003 మధ్య పెడతా, దాంతోపాటు పాయింట్ల మధ్య దూరం ఇంతకు మించొద్దు అనే ఆప్షన్‌లో 0.5 ఎంఎం ఇస్తా, అప్పుడు పక్కపక్క లైన్లలో పాయింట్లు ఒక క్రమంలో ఉంటాయి. అది లేకపోతే ఒక లైన్‌లో పాయింట్ ఈడ, పక్క లైన్‌లో ఆడ, బత్తాయి తొక్క మాదిరి వస్తాది.

అట్లని మరీ దగ్గరగా కూడా పెట్టొద్దు. 0.05 దూరంలో పాయింట్లు, ఫీడ్ 3000 అంటే మెషిన్ సెకనుకి 1000 బ్లాకులు (ప్రోగ్రాం లైన్లు) మింగాలి, పాత కంట్రోల్ అయితే నత్తినత్తిగా పోతాది, ఆగి ఆగి పోయిన ప్రతిచోటా మచ్చ. ప్రోగ్రాంలో హైస్పీడ్ మోడ్ ఆన్ చేసినామా లేదా చూడండి, కంట్రోల్ కంపెనీని బట్టి, ఫానక్‌లో జీ05.1 క్యూ1, సీమెన్స్‌లో సైకిల్ 832, హైడెన్‌హైన్‌లో సైకిల్ 32. వీటిలో ఇచ్చే టాలరెన్స్ క్యామ్ టాలరెన్స్ కంటే రొంత పెద్దగా ఉండాలి, అప్పుడే కంట్రోల్ మూలల్ని నునుపు చేయగలదు. మీరు క్యామ్‌లో 0.01 పెట్టి కంట్రోల్‌లో 0.001 ఇస్తే అది ఆ పలకలన్నిటినీ మహా నమ్మకంగా కోసి పెడతాది. ఇంకోటి, కస్టమర్ పంపించిన మోడలే ఎస్‌టీఎల్ ఫైల్ (వంపుని చిన్న త్రికోణాలుగా దాచేది) అయితే పలకలు దాంట్లోనే ఉంటాయి, మీరు ఎన్ని సెట్టింగులు మార్చినా పోవు, స్టెప్ ఫైల్ అడగండి, సిగ్గు పడొద్దు.

సైమల్టేనియస్ అయితే టూల్ సెంటర్ పాయింట్ కంట్రోల్ (టేబుల్ ఎట్ల తిరిగినా టూల్ కొనని దారి మీదే ఉంచేది) కూడా ఆన్ ఉండాల, ఫానక్‌లో జీ43.4, సీమెన్స్‌లో ట్రావోరీ, హైడెన్‌హైన్‌లో ఎం128. ఇది లేకుండా పోస్ట్ చేసిన ప్రోగ్రాంలో టూల్ కొన దగ్గర ఫీడ్ ఎంత ఉందో ఆ వెంకన్నకే తెలియాలి.

టూలు, హోల్డరు

రనౌట్ చూడకుండా ఫినిష్ మొదలుపెట్టేది మానుకోండి. రెండు పళ్ళ బాల్, పంటికి 0.1 ఫీడ్, రనౌట్ 10 మైక్రాన్లు ఉంటే ఫైనల్ సర్ఫేస్ మీద ఒక పన్ను గుర్తే మిగులుతాది, రెండోది అంత లోతుకి అందదు. అంటే సర్ఫేస్ మీద పంటికి 0.2 అయినట్టు, ఫీడ్ గట్టు పావు మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్‌కి లేస్తాది, జాస్తి కోసే పన్ను తొందరగా మొద్దుబారతాది. డయల్ పెట్టి చేత్తో స్పిండిల్ తిప్పి, టూల్ షాంక్ మీద 5 మైక్రాన్ల లోపల ఉందంటేనే స్టార్ట్ కొట్టండి. ఈఆర్ కోలెట్‌లో (టూల్‌ని పట్టే చీలికల బిగింపు) 5 కంటే జాస్తి వస్తా ఉంటే కోలెట్ విప్పి బ్రేక్ క్లీనర్‌తో కడిగి, టూల్‌ని అర చుట్టు తిప్పి మళ్ళీ బిగించండి, సగం సార్లు ఒక చిన్న చిప్పు ముక్కే దొంగ. ష్రింక్‌ఫిట్ హోల్డర్ (వేడి చేసి టూల్ ఎక్కించేది) ఉంటే బాధే లేదు.

టూల్ ఎంత బయటికి ఉందో కొలవండి. వంగేది పొడుగు ఘనాన్ని బట్టి, 40 ఉండాల్సింది 60 పెట్టినారంటే మూడు రెట్ల పైన వంగుతాది. 3 యాక్సిస్‌లో లోతు గోడ కోసం పొడుగు టూల్ తప్పదు, 5 యాక్సిస్‌లో పార్ట్‌ని వాల్చి పొట్టి టూల్‌తో అందుకోవచ్చు, చాటర్‌కి నాకు తెలిసిన మొదటి మందు ఇదే, ఆర్‌పీఎం మార్చేది తర్వాత. లోపలి మూల రేడియస్ 5 ఉంటే 10 ఎంఎం బాల్ పెట్టొద్దు, మూలలో టూల్ సగం ఒళ్ళు ఒకేసారి తగిలి కూత పెడతాది, 8 లేదా 6 తీసుకోండి. దానికి ముందు సెమీఫినిష్ తప్పనిసరి, మూలల్లో మిగిలింది రెస్ట్ పాత్‌తో తీసి, అంతా సమానంగా 0.2 వదిలితేనే ఫినిష్ టూల్ మీద బరువు ఒకేలా ఉంటాది.

బ్యారెల్ టూల్ గురించి అడగతా ఉంటారు. పెద్ద వంపు ఉండే పక్క అంచుతో కోసే టూల్ అది, వంపు రేడియస్ 85 ఉంటే అదే ఒక మైక్రాన్ గట్టుకి స్టెప్‌ఓవర్ 0.8 దాకా పెట్టుకోవచ్చు, 10 ఎంఎం బాల్‌తో 0.2. నాలుగో వంతు టైం. వాలు గోడలకి, బ్లేడ్లకి బ్రహ్మాండం. కానీ యాంగిల్ ఒక్క డిగ్రీ తప్పినా వేరే చోట తగులుతాది, మెషిన్ క్యాలిబ్రేషన్ సరిగా లేనోళ్ళు ముందు అది చూసుకొని తర్వాత కొనండి, టూల్ చవకేమీ కాదు.

మన ఎండలు

దీన్ని పుస్తకాల్లో రెండు లైన్లు రాసి వదిలేస్తారు, రేణిగుంట చుట్టుపక్కల రేకుల కింద పని చేసేటోళ్ళకి ఇది పెద్ద సంగతి. పొద్దున ఆరుకి ఉండే చల్లదనం మధ్యాహ్నం రెండుకి ఉండదు, షెడ్డు లోపల 10 డిగ్రీల తేడా మామూలు. 300 ఎంఎం అల్యూమినియం పార్ట్ 10 డిగ్రీలకి దాదాపు 70 మైక్రాన్లు పెరుగుతాది, స్టీల్ అయితే 35 పైన. పొద్దున ఒక జోన్, మధ్యాహ్నం ఇంకో జోన్ ఫినిష్ చేస్తే మెట్టు పడక ఏమైతాది? పార్ట్ ఒక్కటే కాదు, స్పిండిల్ వేడెక్కి పొడుగైతాది, ట్రనియన్ సెంటర్ కూడా జరుగుతాది.

మేం చేసేది ఏందంటే, కనిపించే సర్ఫేస్ అంతా ఒకే టూల్, ఒకే సిట్టింగ్, వీలైతే రాత్రి షిఫ్ట్. స్టార్ట్ చేసే ముందు స్పిండిల్ 20 నిమిషాలు వార్మప్, రోటరీలు కూడా అటూ ఇటూ తిప్పతాం. 5 యాక్సిస్ జాబ్ ఎక్కించే ముందు క్యాలిబ్రేషన్ బాల్‌ని ప్రోబ్‌తో పట్టి రోటరీ సెంటర్ చూస్తాం, సీమెన్స్‌లో సైకిల్ 996, హైడెన్‌హైన్‌లో కైనమాటిక్స్ఆప్ట్ ఉంటాయి, అవి లేకపోయినా బాల్‌ని ఏ యాక్సిస్ సున్నాలో ఒకసారి, వాల్చి ఒకసారి కొలిచి తేడా రాసుకుంటే మెట్టు యాడి నుంచి వస్తాదో తెలిసిపోతాది. మధ్యలో కరెంట్ పోయి వచ్చిందంటే అదే లైన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టొద్దు, చల్లారిన స్పిండిల్ వేరే ఎత్తులో కోస్తాది, రొంత సేపు గాల్లో నడిపి, ఐదారు లైన్లు వెనక్కి పోయి కలపండి.

ఎంట్రీ ఎగ్జిట్‌లు ఎప్పుడూ సర్ఫేస్‌ని ఒరుసుకుంటా ఆర్క్‌లో రావాలి, ఆర్క్‌లో పోవాలి, నేరుగా దిగితే చుక్క పడతాది. ఫినిష్ మధ్యలో ఫీడ్ నాబ్ ముట్టుకోవద్దు, ఫీడ్ హోల్డ్ అసలే వద్దు, ఆగితే టూల్ మీద బరువు తగ్గి అది లోపలికి ఒక మచ్చ కొడతాది, ఆపరేటర్లకి ఇది నేను ఎన్నిసార్లు చెప్పినానో. అల్యూమినియంకి కూలెంట్ దండిగా కొట్టండి, చిప్పు మళ్ళీ టూల్ కింద పడితే పిల్లి గీరినట్టు గీతలు. హార్డ్ స్టీల్ ఫినిష్‌కి మాత్రం గాలి చాలు, వేడి కార్బైడ్ మీద నీళ్ళు పడి ఆరి పడి ఆరి అంచు చిట్లిపోతాది.

కొలిచేటప్పుడు

రఫ్‌నెస్ టెస్టర్‌ని టూల్ పోయిన దారి వెంబడి పెట్టి రీడింగ్ రాసుకునేటోళ్ళని చూసినా, అప్పుడు ఎప్పుడూ మంచి నంబరే వస్తాది. దారికి అడ్డంగా, గట్ల మీదుగా పోవాలి సూది. 0.2 స్టెప్‌ఓవర్‌కి కటాఫ్ (టెస్టర్ లెక్కలోకి తీసుకునే పొడుగు) 0.8 ఎంఎం పెట్టండి. డోమ్ మాదిరి వంపు మీద అయితే వంపు తక్కువ ఉన్న చోట చూడండి, ఆర్ఏ ఒక్కటే కాకుండా ఆర్‌జెడ్ (ఎత్తైన చోటుకీ లోతైన చోటుకీ తేడా) కూడా రాసుకోండి, ఒక్క లోతు గీత ఉంటే ఆర్ఏ దాన్ని దాచిపెడతాది, ఆర్‌జెడ్ పట్టిస్తాది.

ఆ కోర్‌ని రెండోసారి చేసినప్పుడు స్టెప్‌ఓవర్ మళ్ళీ 0.2కే తెచ్చినా, నెత్తి వేరుగా, మిగతాది వేరుగా, రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండు లోపల అయిపోయింది. రెండు ఏరియాలు కలిసే చోట టార్చ్ పెడితే సన్నగా ఒక గుండ్రం కనిపించింది, గోటికి తగల్లేదు. తమ్ముడు దాన్ని చూసి "అన్నా ఇది సెంటర్ తేడానా, వేడా" అని అడిగినాడు. పొద్దున బాల్ పెట్టి చూస్తే వాల్చినప్పుడు 4 మైక్రాన్ల తేడా వచ్చింది, సెంటర్ వేల్యూ సరిచేసి అదే ప్రోగ్రాంతో రెండో పీస్ వేసినాం, గుండ్రం కనపడలేదు.